చిటికెడు మైనం, ఎనిమిది సిలిండర్ల నిప్పు

మా బావ కారు మొదటిసారి గొంతెత్తిన రోజున దమ్మపేట చుట్టుపక్కల నెమళ్ళన్నీ ఒకేసారి బదులు పలికాయని నేను ఇప్పటికి చాలామందికి చెప్పాను. అందులో అబద్ధం ‘అన్నీ’ అనే మాట ఒక్కటే. నాలుగైదు పలకడం నా చెవులతో విన్నదే. నేను చెప్పేదాంట్లో సగం కొట్టేసి వినడం మా జూలూరుపాడులో అందరికీ అలవాటు. ఈసారి వాళ్ళకు ఆ శ్రమ లేకుండా ఎక్కడ కొట్టేయాలో నేనే చెబుతూ పోతాను.

పామాయిల్ తోట మధ్యలో రేకుల షెడ్డు. అందులో మా అక్క, బావ, బావ వాళ్ళ నాన్న, నేను. బావ తాళం తిప్పాడు. ముందు ఒక దగ్గు వచ్చింది. ఆ తర్వాత రేకుల మీద రాళ్ళవాన పడ్డట్టు చప్పుడు, దాని అడుగున భూమిలోంచి వస్తున్నట్టు ఒక గురక. గోడకు తగిలించిన గెలలు కోసే కొడవళ్ళు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. అక్క కొంగుతో చెవులు మూసుకుంది. మనిషి చేతులతో బిగించిన ఇనుములో ఇంత ప్రాణం ఎక్కడినుంచి వచ్చిందా అని నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

అప్పటికి సెల్‌ఫోన్‌లో టార్చిలైటు ఉంటేనే గొప్ప. అలాంటి రోజుల్లో బావ మూడేళ్ళు కూర్చుని ఆ కారు కట్టించాడు. చూడటానికి దొరల కాలంనాటి బండి. పొడవాటి ముక్కు, కప్పకళ్ళలాంటి రెండు గుండ్రటి లైట్లు, మోకాలెత్తు తలుపులు, పైకప్పు లేదు. ముందర ఇద్దరికి చోటు. వెనక డిక్కీ మూత పైకెత్తితే ఇంకో బుల్లి సీటు. బాడీ విజయవాడలో బస్సు బాడీలు కొట్టే మేస్త్రీ చేత కొట్టించాడు. ముక్కు కింద ఉన్నది మాత్రం దొరల కాలంనాటిది కాదు. హైదరాబాదు పాత సామాన్ల బజారులో దొరికిన ఎనిమిది సిలిండర్ల విదేశీ ఇంజిన్. ఉడుత ఒంట్లో ఏనుగు గుండె పెట్టినట్టు.

ఏనుగు గుండెతో వచ్చిన తంటా ఏమిటంటే వేడి. బండి నడిచినంతసేపూ అద్భుతంగా నడిచేది, కానీ నడిచేది కాసేపే. దమ్మపేటలో బయల్దేరితే మందలపల్లి అడ్డరోడ్డు చేరకముందే సూది ఎర్రగీత ఎక్కేది. ముక్కులోంచి ఆవిరి బుస్సున లేచేది. ఆ ఆవిరి తగిలి పైన ఎగిరే కొంగ ఒకటి ఉడికి రోడ్డుమీద పడిందని నేను ఒక పెళ్ళిలో చెబితే ఇద్దరు నమ్మారు. కొంగను కొట్టేయండి. ఆవిరిని ఉంచుకోండి.

రెండుసార్లు అలా ఉడికేసరికి ఇంజిన్ పైన మూతలా ఉండే హెడ్ వంగింది. ఖమ్మంలో లేతు షాపుకు తీసుకెళ్ళి చదును చేయించాం. ఆ షాపాయన హెడ్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, “సార్, ఇంకోపారి గీకుదామంటే దీని మీద లోహం లేదు. మళ్ళ ఉడికితే నా దగ్గరికి తేకున్రి. పాత ఇనుముల వెయ్యున్రి” అన్నాడు. అలాంటి ఇంజిన్ ఇంకొకటి దొరికే దారి లేదు. ఇంటిదాకా బావ ఆ హెడ్‌ను ఒళ్ళోంచి దించలేదు.

ఇంటికొచ్చాక మాట్లాడింది వాళ్ళ నాన్న. నేను మామయ్యా అని పిలిచే ఆ పెద్దాయన ఎప్పుడో కృష్ణా అవతలినుంచి బండి కట్టుకుని వచ్చి, అడవి అంచున రాళ్ళు ఏరి, ఆ తోట వేసినవాడు. తోటా ఆయనదే, షెడ్డూ ఆయనదే. బావ నలభై ఏళ్ళవాడైనా ఆయన ముందు కుర్చీలో కూర్చోడు.

“ఒరేయ్ అబ్బాయ్, మూడేళ్ళు నోరుమూసుకుని చూశాను. ఇంకొక్కసారి అది రోడ్డుమీద ఉడికిందా, ఆ ఇంజిను ఊడబీకి తోటలో నీళ్ళ పంపుకి బిగిస్తాను. పంపు పక్కన నీళ్ళకి కరువుండదు. హాయిగా ఉడుక్కోమను.”

“నాన్నా, ఎనిమిది సిలిండర్ల ఇంజిను పంపుకా?”

“ఏం, జిల్లాలో ఎవరికీ లేదుగా. గొప్పే.”

నాకు నవ్వొచ్చింది. బావ మొహం చూసి మింగేశాను. పెద్దాయన అక్కడితో ఆగలేదు.

“మే నెల రానీ. మిట్టమధ్యాహ్నం నన్ను కూర్చోబెట్టుకుని భద్రాచలం తీసుకుపో. చల్లపొద్దున నడపడం ఎవడికైనా వస్తది. దారిలో ఆవిరి కనబడిందా, అక్కణ్ణించి లారీ మీద తోటకే.”

ఆ మాట ఆయన అన్నాడంటే అయినట్టే. పశువుల కొట్టం పడగొడతానని ఒకసారి పొద్దున అన్నాడు. సాయంత్రానికి అక్కడ అరటి పిలకలు నాటి ఉన్నాయి.

ఆ రోజునుంచి బావకు వేడి తప్ప వేరే ఆలోచన లేదు. నాది బ్యాటరీల షాపు. డిస్టిల్డ్ వాటర్ నా దగ్గర ఉంటుంది కాబట్టి నేనూ ఆ యజ్ఞంలో భాగస్థుణ్ణి అయిపోయాను. ముందు బోరు నీళ్ళు మానిపించాను. మా దిక్కు బోరు నీళ్ళు కాస్తే బిందె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. రేడియేటర్‌లోని సన్నటి గొట్టాల్లో అదే పెచ్చు కట్టి దారి మూసేస్తుంది. గొట్టాలు కడిగించి, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోశాం. రేడియేటర్ మూత మార్చాం. ఆ మూత గట్టిగా ఒత్తిపెడితే కుక్కర్‌లో లాగా లోపలి నీళ్ళు మామూలు కంటే ఎక్కువ వేడిని మరగకుండా ఓర్చుకుంటాయి. బావ ఇదంతా చెబుతుంటే అక్క, “అయితే విజిల్ కూడా పెట్టించు, మూడు విజిళ్ళకి దించుకోవచ్చు” అంది.

ఇంకా చాలా చేశాడు. రేడియేటర్ చుట్టూ ఖాళీలుంటే గాలి దాని గుండా పోకుండా పక్కనుంచి జారిపోతుందని ఖాళీలన్నీ రబ్బరు పట్టీలతో మూశాడు. ఫ్యాన్ చుట్టూ రేకు డొప్ప కొట్టించాడు. వేడిగాలి బయటికి పోయేందుకు బానెట్ పక్కల చేప మొప్పల్లాగా చీలికలు వేయించాడు. ఒక్కో పని అయ్యాక బండి ఇంకొంచెం దూరం పోయేది. మళ్ళీ సూది లేచేది. ఎర్రగీతకు ముందే బావ ఆపేసేవాడు, చెట్టు కింద దిగి కూర్చునేవాళ్ళం. ములకలపల్లి రోడ్డులో మేం కూర్చోని చెట్టు లేదని చెప్పాను చాలామందికి. అది కొట్టేయక్కర్లేదు.

కొత్తగూడెంలో ఆ ఇంజిన్ విప్పి బిగించిన మెకానిక్ దగ్గరికి వెళ్తే ఆయన బానెట్ ఎత్తి చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు.

“ఏంది సార్ గింత వేడి? ఇది ఇంజినా, ఇటుకల బట్టీనా?”

“నువ్వేగా భాయ్ బిగించింది.”

“బిగించిన గదా. అన్ని కొత్తయే ఏసిన. ఒక్క పొల్లు లేదు. బయటి దేశపోళ్ళు పెట్టిన ఆ వాల్వు గిట్ల తీసి అవతల పడేసిన. మన ఎండలకు అదొకటా!”

మేమిద్దరం అవునవునని తలూపాం. ఎందుకంటే అది మా దగ్గర అందరూ చేసేదే. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు నీళ్ళను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపి, వేడెక్కాక వదిలే వాల్వు అది. మంచు కురిసే దేశాల్లో ఇంజిన్ తొందరగా వేడెక్కడానికి పెట్టారు, మన దగ్గర పొద్దున్నే ఎండ మండిపోతుంటే అదెందుకు అని ట్రాక్టరైనా, జీపైనా, లారీ అయినా ఇంజిన్ విప్పిన ప్రతి మేస్త్రీ మొదట చేసే పని దాన్ని పీకేయడమే. నా జీపుదీ అలాగే పోయింది. జీపు బాగానే నడిచింది. అందుకని ఎవరికీ అనుమానం రాలేదు.

ఏప్రిల్ చివరలో ఒకరోజు. ములకలపల్లి దాటాక సూది మళ్ళీ గీత దగ్గరికి వచ్చింది. బావ పక్కకు తీసి ఆపాడు. నేను దిగి, దారి పక్క ఇప్పచెట్టు నీడలో కాళ్ళు సాగదీయబోయి, ఎత్తుపల్లం చూసుకోక తూలి, బండి ముక్కు కింద ఖాళీలోకి చెయ్యి పెట్టి ఆపుకున్నాను. చెయ్యి పడ్డది రేడియేటర్ అడుగున. కాలిపోయిందనుకుని కెవ్వుమని అరిచాను కూడా. అరిచాక తెలిసింది కాలలేదని.

“బావా, ఇటు రా.”

“ఏం, చెయ్యి ఊడిందా?”

“చెయ్యి పెట్టి చూడు.”

బావ పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. రేడియేటర్ అడుగు గోరువెచ్చగా, దూడ మూతిలాగా ఉంది. జానెడు వెనక ఇంజిన్ మాత్రం చెయ్యి దగ్గరికి పోనివ్వడం లేదు. పక్కన చెరువు నిండుగా ఉండగా పొలం బీటలు వారినట్టు. ఇద్దరం చాలాసేపు ఆ చోట అలాగే గొంతుక్కూర్చున్నాం. ఎండలో ఇప్పపూలు రాలిన వాసన, ఇంజిన్ ఆయిల్ వాసన కలిసి తల తిరుగుతున్నట్టుంది. అడవి మొత్తం మమ్మల్నే చూస్తున్నట్టుంది.

షెడ్డుకు తెచ్చి ముందు నీళ్ళ గొట్టాల్లో గాలి చిక్కుకుందేమోనని ముక్కు పైకి ఉండేలా గట్టు మీద నిలబెట్టి గాలంతా బయటికి పంపాం. తేడా రాలేదు. పెద్దాయన చుట్ట వెలిగించుకుంటూ వచ్చాడు. పంపు బిగించే చోటు చూసుకోడానికి వచ్చాడేమోనని నాకు భయం.

“ఏందిరా, ఇంకా దీపారాధన అవలేదా?”

“నీళ్ళు రేడియేటర్లోకి సరిగా పోవటంలా నాన్నా. ఎందుకో తెలియటంలా.”

“ఇటు పోకపోతే ఎటో పోతన్నాయిగా. నీళ్ళు ఊరికే నిలబడవు.”

ఆయన ఎగతాళికే అన్నాడు. కానీ బావ చూపు అక్కడే ఆగిపోయింది. వేలు పెట్టి ఒక్కో గొట్టం వెంట పోయాడు. పైన లావుపాటిది రేడియేటర్‌కు. కిందిది తిరిగి ఇంజిన్‌కు. రెండింటి నడుమ, ఇంజిన్‌కు అతుక్కుని, బొటనవేలంత పొట్టిగొట్టం ఒకటి ఇంజిన్‌లోకి నీళ్ళు తోసే పంపు వైపు తిరిగి ఉంది. దాన్ని పట్టుకుని వెంటనే చెయ్యి లాక్కున్నాడు. చురుక్కుమంది.

“దొరికింది” అన్నాడు మెల్లగా. “వేడినీళ్ళన్నీ ఈ అడ్డదారిన తిరిగి ఇంజిన్‌లోకే పోతన్నాయి.”

తర్వాత బావ విడమరిచి చెబితే నాకూ అర్థమైంది. ఈ ఇంజిన్‌లో నీళ్ళకు రెండు దారులు. చల్లగా ఉన్నప్పుడు పొట్టిదారిన ఇంజిన్ లోపలే తిరుగుతాయి. వేడెక్కాక వాల్వు రేడియేటర్ దారి తెరుస్తుంది, అదే కదలికతో అడుగునున్న రెండో బిళ్ళ పొట్టిదారిని మూస్తుంది. వాల్వు పీకేస్తే రెండు దారులూ బార్లా తెరిచే ఉంటాయి. నీళ్ళు సుళువైన దారే చూసుకుంటాయి. మా ట్రాక్టర్లలో, జీపుల్లో వాల్వులకు ఆ రెండో బిళ్ళే లేదు. అందుకని పీకేసినా అవి బతికిపోయాయి. ఈ విదేశీ ఇంజిన్ చల్లబడాలంటేనే ఆ వాల్వు ఉండాలి. చలి దేశాలకేనని మేమంతా పీకి పడేసేదే ఎండకు దిక్కు.

మర్నాడు కొత్తగూడెం పరిగెత్తాం. మెకానిక్ నవ్వి, బల్ల కింద నుంచి నూనెడబ్బా ఒకటి లాగి నేలమీద బోర్లించాడు. కుప్పగా పడ్డాయి వాల్వులు. తుప్పుపట్టినవి, మెరిసేవి, రూపాయి బిళ్ళంతవి, అరచేయంతవి. పాల్వంచ, ఇల్లందు, జూలూరుపాడు, ఆ చుట్టుపక్కల తిరిగే బండ్లు విడిచిన ప్రాణాలన్నీ ఒక్కచోట పోసినట్టుంది. నా జీపుది కూడా అందులోంచి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వును కొట్టేయండి. రెండు బిళ్ళలున్నది ఒక్కటే ఉంది.

“ఇదేనా సార్? ఇంత చిన్నదాని కోసమా గింత దూరం ఉరికొచ్చింది?” అన్నాడు మెకానిక్. బావ దాన్ని రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు, దేవుడి ప్రసాదంలా.

అది బతికుందో లేదో చూడాలి. వంటింట్లో పొయ్యి మీద గిన్నె పెట్టమని అక్కతో అన్నాడు బావ.

“నా పాలగిన్నెలో ఇనుపముక్క ఉడకబెడతారా? సిగ్గులేదా మీకు?” అని అక్క తిట్టి, సొట్టపోయిన పప్పుగిన్నె ఇచ్చింది. నీళ్ళు పోసి, వాల్వును దారానికి కట్టి అందులో వేలాడదీశాడు బావ. మూసుకున్న ఇత్తడి బిళ్ళ, దాన్ని పట్టుకున్న స్ప్రింగు. నీళ్ళలో చిన్నచిన్న బుడగలు పుట్టాయి. ఏమీ కాలేదు. ఇంకాసేపటికి ఆవిరి లేచింది. నేను బిళ్ళనే చూస్తున్నాను. రెప్ప వేస్తే ఎక్కడ పోతుందోనని రెప్ప కూడా వెయ్యలేదు.

కదిలింది.

ఎవరూ ముట్టుకోలేదు. కరెంటు లేదు, తీగ లేదు. బిళ్ళ తన అంచునుంచి వెంట్రుకంత విడింది, తర్వాత గోరంత, తర్వాత చిటికెన వేలు దూరేంత. అడుగున రెండో బిళ్ళ అంతే మెల్లగా కిందికి దిగింది. బావ దారం పైకెత్తి చన్నీళ్ళ చెంబులో ముంచాడు. పై బిళ్ళ మూసుకుంది, అడుగుది తన చోటికి పైకి వెళ్ళింది. మళ్ళీ వేణ్ణీళ్ళలో పెట్టాడు, మళ్ళీ తెరుచుకుంది. ముగ్గురం పొయ్యి చుట్టూ వంగి ఉన్నాం. కూర అడుగంటుతున్న వాసన వచ్చినా అక్క కదల్లేదు. 

పెద్దాయన చుట్ట ఆర్పి దగ్గరికొచ్చాడు.

“దాన్ని ఎవరు తీస్తన్నారు?”

“లోపల చిటికెడు మైనం ఉంది నాన్నా. వేడికి కరిగి ఉబ్బుద్ది. ఉబ్బి సన్నటి కడ్డీని తోస్తది.”

“మైనమా? కొవ్వొత్తి మైనమా?”

“అలాంటిదే.”

పెద్దాయన దారం తన చేతిలోకి తీసుకుని వేడినీళ్ళలో ఒకసారి, చన్నీళ్ళలో ఒకసారి తనే ముంచి చూశాడు. కృష్ణా అవతల కాలవ కింద సేద్యం చేసిన మనిషి. తూము ఎత్తడానికి, దించడానికి లష్కర్ అనే మనిషి ఉంటాడు, అతను నిద్రపోతే పొలం ఎండుతుంది లేదా మునుగుతుంది. ఆయన అన్నది ఒక్క మాటే. “లష్కర్ లేని తూము.” గొంతులో ఎగతాళి లేదు. దారం బావకిచ్చి బయటికి వెళ్ళాడు. షరతు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మే నెల వచ్చింది. పెద్దాయన చెప్పిన మధ్యాహ్నమే బయల్దేరాం. ముందర బావ, పక్కన తలకు తువ్వాల చుట్టుకున్న పెద్దాయన. వెనక డిక్కీ సీటులో ఫైర్ సర్వీసులాగా రెండు నీళ్ళ డబ్బాలు పట్టుకుని నేను. అక్క ఇచ్చిన మజ్జిగ సీసా ఒళ్ళో. తలమీద ఎండ, మొహం మీద వడగాలి. పరుగులో ఎదురొచ్చే గాలి చల్లగా ఉంటుందనుకునేవాళ్ళు ఒకసారి ఆ దారిన రావాలి. రొట్టెల పెనం మొహానికి దగ్గరగా పెట్టినట్టుంటుంది.

వాల్వు లోపల పని మొదలుపెట్టిందని నాకు సూది చూడకుండానే తెలిసింది. ముందు వైపు నుంచి వచ్చే గాలి వాసన మారింది. అంతవరకు ఉత్త ఎండ వాసన. ఇప్పుడు వేడెక్కిన రాగి వాసన. రేడియేటర్ మొదటిసారి వేడెక్కింది. వేడెక్కడానికే కదా అది ఉన్నది! సంతోషం పట్టలేక మజ్జిగ సగం తాగేశాను.

ములకలపల్లి దాటాక అడవి. టేకుచెట్లకు ఒక్క ఆకు లేదు, ఎముకల్లా నిలబడి ఉన్నాయి. దారి పక్క ఖాళీ చోట బీడీలు చుట్టే తునికాకు కట్టలు వరసగా ఆరబోసి ఉన్నాయి. ఒక మలుపు తిరిగేసరికి బండ్లు ఆగి ఉన్నాయి. వెదురు లారీ ఒకటి మోకు తెగి లోడంతా రోడ్డుకు అడ్డంగా పరిచేసింది. నలుగురు మనుషులు బొంగులు లాగుతున్నారు. మా ముందు ఆర్టీసీ బస్సు, వెనక ట్రాక్టరు. నీడ లేదు.

పరుగులో ఉన్న బండికి గాలి దానంతట అదే దొరుకుతుంది. నిలబడ్డ బండికి ఏ దిక్కూ లేదు. సూది మధ్యగీత దాటింది. బావ పెట్టించిన కరెంటు ఫ్యాను ఒక్కసారి హోరుమని లేచింది. సూది ఇంకా ఎక్కుతోంది.

“ఆపెయ్‌రా” అన్నాడు పెద్దాయన.

“ఆపకూడదు నాన్నా.”

“కాలిపోతదిరా! ఆపు!”

“ఆపితే నీళ్ళు తిరగడం ఆగిపోద్ది. లోపలి వేడి ఎక్కడికీ పోదు, హెడ్‌ని పట్టుకుంటది. నడవనీ.”

ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. బావ తండ్రికి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. అరిచి చెప్పలేదు, చేతులు స్టీరింగ్ మీద, కళ్ళు సూది మీద ఉంచి చెప్పాడు. పెద్దాయన ఆయనా సూదినే చూడసాగాడు. నేను నీళ్ళ డబ్బా మూత తీసి సిద్ధంగా పట్టుకున్నాను.

తునికాకు కట్ట నెత్తిన పెట్టుకుని ఒక ముసలామె మా పక్కకొచ్చి ఆగింది. భుజాన నీళ్ళు నింపుకున్న సొరకాయ బుర్ర. బండిని ముక్కునుంచి తోకదాకా చూసింది.

“ఏంది కొడుకా, బండికి జరమొచ్చిందా?”

“అవ్ అవ్వా, జరమే” అన్నాను.

“నీళ్ళు పొయ్యాల్నా దీని మీద?”

“వద్దు వద్దు!” బావ కంగారుగా చెయ్యి అడ్డుపెట్టాడు. “కాగిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే పగులుద్దవ్వా.”

“అయితే మీరన్న తాగున్రి. ఎర్రగయిన్రు ముగ్గురు.”

పెద్దాయన దోసిలి పట్టాడు. ఆమె బుర్ర వంచింది. ఆయన తాగుతూనే ఒక కన్ను సూది మీద పెట్టాడు. నేనూ తాగాను. ఆ ఎండలో, ఆ బుర్రలో నీళ్ళు అంత చల్లగా ఎలా ఉన్నాయో నాకిప్పటికీ తెలియదు. మంచినీళ్ళకు రుచి ఉంటుందని ఆ రోజు తెలిసింది.

సూది ఎర్రగీతకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది. ఆగి, సన్నగా వణికింది. నేను చాలా కథలు చెప్పాను కానీ ఈ చోట ఒక్క మాట కూడా పెంచడం లేదు. ఆ కొద్దిసేపట్లో నాకు బండి లోపలంతా కనబడింది. సిలిండర్లలో మండుతున్న మంట, దాన్ని నాలుగువైపులా చుట్టుకుని పారుతున్న నీళ్ళు, దారి మధ్యలో ఆ ఇత్తడి తూము, అందులో కరిగి తన శక్తికొద్దీ తోస్తున్న చిటికెడు మైనం. మా కాళ్ళకు బారెడు దూరంలో అంత నిప్పు ఉంది. దాన్ని అదుపులో పెట్టేది అంత చిన్నది. దేవుడి ముందు నిలబడ్డప్పుడు కూడా నేను అంత నోరుమూసుకుని ఉన్న గుర్తు లేదు.

సూది దిగింది. ముందు గోరంత. తర్వాత నెమ్మదిగా మధ్యగీత దాకా. హోరుమంటున్న ఫ్యాను దానంతట అదే ఆగిపోయింది. ఆ హోరు తగ్గాక వెదురు బొంగులు లాగుతున్న చప్పుడు మళ్ళీ వినబడింది. బావ ఊపిరి వదిలాడు. ముసలామె నాకేసి చూసి, “తగ్గిందా?” అంది.

“తగ్గిందవ్వా.”

“మంచిదాయె” అని కట్ట సర్దుకుని అడవిలోకి నడిచింది.

దారి తెరుచుకున్నాక పాల్వంచ, సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కాం. మే నెల గోదావరి. ఇసుకే ఎక్కువ, ఒక పక్కగా నీళ్ళు. వంతెన మీద బస్సుల వెనక మళ్ళీ ఆగాం. ఫ్యాను లేచింది, కాసేపు తిరిగి, ఆగింది. ఈసారి ఎవరమూ సూదిని చూడలేదు. పెద్దాయన నదిని చూస్తున్నాడు.

భద్రాచలం కరకట్ట దగ్గర బావ ఆపి, కిందికి దిగి, తండ్రి వైపు తలుపు తెరిచాడు. గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని వద్దామని. పెద్దాయన కదల్లేదు. తువ్వాల విప్పి మొహం తుడుచుకున్నాడు. బానెట్ చీలికల్లోంచి వస్తున్న వేడిగాలి కింద అరచెయ్యి పెట్టి, చలికాలం నెగడు దగ్గర పెట్టినట్టు అలాగే ఉంచాడు.

“ఆవిరి రాలా” అన్నాడు.

“రాలా నాన్నా.”

“పంపుకి ఇంకోటి చూడు. ఇది నీళ్ళు తోడే జంతువు కాదు.”

బావ బండికి అటువైపు తిరిగి నిలబడి గోదావరిని చూశాడు.

దర్శనం చేసుకుని వచ్చాక పెద్దాయన అందరికంటే ముందు వచ్చి తన సీట్లో కూర్చున్నాడు. పొద్దు వాలుతోంది. వంతెన దాటాక, సారపాక దాటాక, అడవిలోకి రోడ్డు సూటిగా పరుచుకున్నచోట ఆయన కొడుకు భుజం తట్టాడు.

“వచ్చేటప్పుడు నా భయానికి మెల్లగా తోలావు. ఇప్పుడు తొక్కు.”

“ఎంత తొక్కమంటావు నాన్నా?”

“అది ఎంతకని పుట్టిందో అంత.”

బావ తొక్కాడు. వెనక సీట్లో నా వీపు ఇనుముకు అతుక్కుపోయింది. నీళ్ళ డబ్బా ఒకటి ఎగిరి ఎక్కడో పడింది. టేకు మొద్దుల మధ్యనుంచి ఆ గురక అడవి లోపలికి పోయి, కొండకు తగిలి, రెండో బండి ఏదో పక్కనే వస్తున్నట్టు తిరిగొచ్చింది. ముందు సీట్లో పెద్దాయన తువ్వాల ఊడి గాలిలో ఎగురుతుంటే పట్టుకోలేదు. ఆయన నవ్వుతున్నాడని వెనకనుంచి చెవులు కదలడం చూసి తెలుసుకున్నాను.